తీసేశారు సరే, ఎందుకు తీసేశారో ఊరందరికీ చెప్పాలా?

మా పిన్ని కొడుకు బెంగళూరులో కుందలహళ్లి గేటు దగ్గర పీజీ హాస్టల్లో ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అక్కా, ఇది చదువు." హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో 14 మందితో నడిచే వాళ్ల స్టార్టప్ యజమాని లింక్డ్‌ఇన్‌లో పెట్టిన పోస్టు అది. "మా బ్యాకెండ్ టీములో 4 నెలల కిందట చేరిన ఒకతన్ని ఇవాళ పంపించేశాం. రెజ్యూమెలో రాసుకున్నదానికీ చేసే పనికీ పొంతనే లేదు" అని మొదలై, మనుషుల్ని ఎలా ఎంచుకోవాలో 6 పాఠాలు చెప్పి ముగుస్తుంది. పేరు లేదు, ఫొటో లేదు. కాకపోతే ఆ కంపెనీలో బ్యాకెండ్ టీము, అంటే తెర వెనక నడిచే కోడ్ రాసేవాళ్లు, ముగ్గురే. మిగతా ఇద్దరూ కంపెనీ పెట్టిన రోజు నుంచీ ఉన్నవాళ్లు.

"పేరు రాయలేదు కదా, నీకేంటి నష్టం అంటున్నాడక్కా" అన్నాడు. అప్పటికే కదిరి నుంచి బాబాయి రెండుసార్లు ఫోన్ చేశాడట. ఊళ్లో ఎవరో వాట్సాప్‌లో పంపారు. వీడు ఇంట్లో ఇంకా చెప్పనేలేదు.

నేను 13 ఏళ్లుగా ఇక్కడ హెచ్‌ఆర్‌లో ఉన్నాను. అంటే తీసేసే వైపు కుర్చీలో కూర్చునేదాన్ని. అయినా ఆ పోస్టు నాకు మింగుడుపడలేదు. కానీ "ఇది చట్టానికి విరుద్ధమేనా?" అని వాడు అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగి ప్రైవసీ చట్టం అంటూ మన దేశంలో విడిగా ఒకటి లేదు. ఉన్నవన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకటి కనబడుతుంది. కంపెనీలూ ఉద్యోగులూ ఎప్పుడూ "ఏమన్నారు" అన్న దగ్గరే కొట్టుకుంటారు. నిజమా, అబద్ధమా, పేరు ఉందా, లేదా అని. చట్టం దాంతోపాటు ఇంకోటి కూడా అడుగుతుంది. ఎవరితో అన్నారు? వాళ్లకు ఆ సంగతి తెలియాల్సిన పనేముంది?

మన జిల్లా ఎడిషన్లలో కనిపించే పాత అలవాటు ఒకటి చూడండి. చిట్‌ఫండ్ కంపెనీయో, ఎరువుల డీలరో పాస్‌పోర్టు సైజు ఫొటోతో ప్రకటన వేయిస్తారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఈ ఫొటోలోని వ్యక్తి ఫలానా తేదీ నుండి మా సంస్థలో పనిచేయుట లేదు. ఇతనితో జరుపు లావాదేవీలకు మాకు ఎట్టి బాధ్యత లేదు." చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ దీని వెనక గట్టి కారణమే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం, ఏజెంటును తీసేసినా ఆ సంగతి బయటివాళ్లకు తెలిసేదాకా వాళ్ల మటుకు అతని అధికారం పోయినట్టు కాదు. వసూళ్లకు తిరిగే కుర్రాణ్ని తీసేసి కంపెనీ గమ్మున కూర్చుంటే, అతను మర్నాడు ఎప్పటిలా ఇంటింటికీ వెళ్లి చీటీ డబ్బులు వసూలు చేసుకుంటే, ఆ భారం కంపెనీ నెత్తిన పడొచ్చు. కాబట్టి చందాదారులకు చెప్పాల్సిందే.

చెప్పాల్సింది ఎంత అన్నదే అసలు సంగతి. "మా దగ్గర పనిచేయడం లేదు, ఇతనికి డబ్బు ఇవ్వకండి" అంటే చందాదారుడికి కావాల్సిన రక్షణ మొత్తం అందినట్టే. "నిధులు కాజేసినందున తొలగించడమైనది" అని ఇంకో వాక్యం కలిపితే చందాదారుడికి అదనంగా ఒరిగేదేమీ లేదు. ఒరిగేది యజమాని కోపానికే. తగువులన్నీ ఆ రెండో వాక్యం దగ్గరే మొదలవుతాయి. మా వాడి ఫౌండర్ పోస్టులో మొదటి వాక్యం అవసరం కూడా లేదు. వాడేమీ వసూళ్లకు తిరగడం లేదు కదా.

ఇక పరువునష్టం సంగతి. "నిజం చెబితే తప్పేంటి" అని మనవాళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. అది సగమే కరెక్టు. నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టులో దావా వేస్తే, అన్నమాట నిజమని కంపెనీ రుజువు చేసుకోగలిగితే చాలు, బయటపడుతుంది. క్రిమినల్ కేసులో అలా కాదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, అంటే 2024 జులై 1 దాకా ఐపీసీ 499, 500గా ఉన్నవి, నిజంతో పాటు ప్రజాహితం కూడా ఉండాలంటుంది. ఒక బ్యాకెండ్ కుర్రాడికి కోడింగ్ అంతంతమాత్రమే అని లోకానికి తెలియడంలో ఏ ప్రజాహితం ఉందో నాకైతే తోచడం లేదు. నేరం రుజువైతే 2 ఏళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, అవేవీ కాకపోతే సమాజ సేవ. పరువును నేర చట్టంతో కాపాడటమేమిటని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు గానీ, 2016లో కోర్టు ఆ సెక్షన్లను సమర్థించింది. మనిషి పేరుప్రతిష్ఠలు రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21లో భాగమేనంది.

అదే సెక్షన్‌లో కంపెనీలకు ఊపిరాడే మినహాయింపులూ ఉన్నాయి. తన ప్రయోజనాన్నో, ఇంకొకరి ప్రయోజనాన్నో కాపాడటానికి సద్భావంతో చెప్పిన మాట పరువునష్టం కిందకు రాదు. "రెజ్యూమెలో చూపించిన అనుభవం అబద్ధమని మా విచారణలో తేలింది" అన్న ఒకే వాక్యాన్ని తీసుకోండి. ఆ కుర్రాణ్ని ఉద్యోగంలోకి తీసుకోబోతున్న కంపెనీ అడిగితే రాతపూర్వకంగా ఇచ్చారనుకుందాం. అడిగినవాళ్లకు అవసరం ఉంది, చెప్పినవాళ్ల దగ్గర ఆధారం ఉంది. మినహాయింపు నిలబడే అవకాశం బాగా ఉంటుంది. అదే వాక్యాన్ని 20 వేల మంది ఫాలోవర్ల ముందు పెడితే సద్భావం ఎక్కడుందో వెతుక్కోవాలి.

పోలీసు స్టేషన్‌కి వెళ్తే పని జరుగుతుందని అనుకోకండి. పరువునష్టం నాన్-కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనిది. మారతహళ్లి స్టేషన్‌లో మీ అర్జీ తీసుకుని రసీదు ఇస్తారు తప్ప ఎఫ్ఐఆర్ కట్టరు. మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేయాలి. సివిల్ దావాకైతే పోస్టు పెట్టిన రోజు నుంచి 1 ఏడాదే గడువు. "కాస్త స్థిమితపడ్డాక చూద్దాం" అనుకునేవాళ్లకు ఆ ఏడాది ఇట్టే అయిపోతుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటీ తీసి పెట్టుకుంటే సరిపోదు. లింకు, తేదీ కనబడేలా తీయాలి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

బయట ఎక్కడా నోరు మెదపకుండా, కాగితం మీద రాసి ఉద్యోగి చేతికే ఇచ్చినా చిక్కే అని 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఈ తీర్పు మా హెచ్‌ఆర్ గ్రూపుల్లో బాగా తిరిగింది. అందులో కంపెనీ కూడా మన సర్జాపూర్ రోడ్డుదే, విప్రో. 2020లో ఒక ఉద్యోగికి ఇచ్చిన టర్మినేషన్ లెటర్‌లో అతని ప్రవర్తన దురుద్దేశంతో కూడినదని రాశారు. అంతకుముందు అతని పనితీరు గురించి మంచి మాటలే రికార్డులో ఉన్నాయి. ఉత్తరం ఇచ్చింది అతనికే, ఇంకెవరికీ కాదు కదా అన్నది మామూలుగా వచ్చే వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఇంకో ఉద్యోగం కావాలంటే ఆ ఉత్తరాన్ని అతను తన చేత్తోనే కొత్త యజమానికి చూపించక తప్పదు కదా, అంటే తన పరువు తానే తీసుకోవాల్సిన స్థితిలోకి నెట్టినట్టే అంది. ఆ మాటలు కొట్టేసి కొత్త లెటర్ ఇమ్మంది, 2 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. తీసేసే హక్కు కాంట్రాక్టులో ఉంది. మచ్చ వేసే హక్కు లేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే చాలామంది వకీలు దగ్గరికి తప్పుడు ఆశతో వెళ్తారు.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఈ మచ్చ గొడవ 1950ల నుంచీ ఉన్నదే. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ని "అవసరం లేదు" అని పంపడం వేరు, "అవినీతిపరుడు" అని రాసి పంపడం వేరు. రెండోది చేయాలంటే విచారణ జరపాలి, అతని మాట వినాలి. రాజ్యాంగంలో ఈ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 311 చుట్టూ దీనిమీద బోలెడన్ని తీర్పులున్నాయి. 2012లో ఒక సమాచార హక్కు (ఆర్టీఐ) కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి మీద వచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమేనంది. పనితీరు ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయమని చెప్పింది. జనం పన్నులతో జీతం తీసుకునేవాళ్ల విషయంలోనే ఇలా అన్నప్పుడు, హెచ్‌ఎస్‌ఆర్‌లో ప్రైవేటు జీతం తీసుకునే కుర్రాడి మెమో లోకానికెందుకు? తార్కికంగా ఇది సబబే. చట్టపరంగా మాత్రం 311 ప్రైవేటు కంపెనీని తాకదు.

ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు తేల్చిన పుట్టస్వామి తీర్పు కూడా అంతే. ఆ కేసు వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి, బెంగళూరువాసి. 80 దాటాక ఆధార్ మీద పిటిషన్ వేసి, దేశంలో అందరికీ ఒక హక్కు సంపాదించిపెట్టాడాయన. కాని ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబెట్టేది. స్టార్టప్ మీద నేరుగా రిట్ వేయడానికి దాదాపుగా పనికిరాదు. ఆ ఖాళీని పూడ్చాల్సింది డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

"పేరు రాయలేదు కదా" అన్న మాటకు నాకు దొరికిన తిన్నని జవాబు ఈ చట్టంలోనే ఉంది. వ్యక్తిగత డేటా అంటే పేరున్న డేటా అని అందులో లేదు. ఆ సమాచారం వల్ల మనిషిని గుర్తుపట్టగలిగితే చాలు. ముగ్గురున్న టీములో "4 నెలల కిందట చేరిన బ్యాకెండ్ కుర్రాడు" అంటే ఆధార్ నంబరు చెప్పినంత పని. ఇదే 5 వేల మంది పనిచేసే కంపెనీలో అయితే ఆ మాటకు వందమంది సరిపోతారు, ఎవరికీ తగలదు. చిన్న కంపెనీలవాళ్లు ఈ లెక్క అస్సలు వేసుకోరు.

ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే ఉద్యోగి డేటా వాడుకోవచ్చని 7వ సెక్షన్ అంటుంది. జీతం వేయడం, పీఎఫ్ కట్టడం, కంపెనీ రహస్యాలు కాపాడుకోవడం, నష్టం రాకుండా చూసుకోవడం ఇందులోకి వస్తాయి. లింక్డ్‌ఇన్‌లో నాయకత్వ పాఠాలు ఇందులోకి ఎలా వస్తాయో కంపెనీయే చెప్పుకోవాలి. ఈ చట్టంలో నాకు నచ్చనిది ఒకటుంది. జరిమానాలు కోట్లలో ఉన్నాయి, డేటా భద్రత గాలికొదిలేస్తే 250 కోట్ల దాకా. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషికి పైసా రాదు. పరిహారం అడగడానికి ఇన్నాళ్లూ ఆసరాగా ఉన్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఈ కొత్త చట్టం తీసేస్తోంది.

తిట్టి చెప్పేదానికన్నా జాలిపడి చెప్పేది ఎక్కువ ప్రమాదం అని నా అనుభవం. "పాపం, డిప్రెషన్‌లో ఉన్నాడు, పని చేయలేకపోయాడు, మేమే మంచిగా పంపించాం" అని మేనేజరు టీమ్ మీటింగులో అంటాడు. మనసులో దురుద్దేశం లేదు. కాని 2011 ఐటీ రూల్స్‌లో మానసిక ఆరోగ్యం సున్నితమైన సమాచారాల జాబితాలో ఉంది. కంపెనీ దగ్గరున్న అలాంటి సమాచారాన్ని ఆ మనిషిని అడగకుండా బయటివాళ్లకు చెప్పకూడదు. నిజానికి టీముకు తెలియాల్సింది ఒక్కటే, అతని పని రేపట్నుంచి ఎవరు చూస్తారు అని.

లైంగిక వేధింపుల ఫిర్యాదు మీద తీసేస్తే మాత్రం చట్టం ఎటూ నాన్చదు. 2013 పోష్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులో ఏముందో, ఎవరు చేశారో, ఎవరి మీద చేశారో, సాక్షులెవరో, ఏ చర్య తీసుకున్నారో పత్రికలకు గానీ జనానికి గానీ తెలియనివ్వకూడదు. బాధితురాలికి న్యాయం జరిగిందని చెప్పుకోవచ్చు, ఆమెనూ సాక్షులనూ గుర్తుపట్టే వీలు లేకుండా. ఇంతా చేసి, కంపెనీ సర్వీసు రూల్స్‌లో వేరే శిక్ష ఏమీ లేకపోతే, దీన్ని మీరినవాళ్ల నుంచి వసూలు చేసేది 5 వేల రూపాయలు. వసూలు చేయాల్సింది యజమానే. యజమానే మీరితే ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకో!

కంపెనీలు అసలు నోరు విప్పకూడదా అంటే, విప్పొచ్చు, విప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్న 300 మందిని తీసేశామని వేదిక మీదే చెప్పాడు. ఆ మాటకు దేశమంతా ఒక ఉద్యోగంలో ఉంటూ ఇంకోటి చేసే మూన్‌లైటింగ్ చర్చ జరిగింది. ఒక్క పేరూ బయటికి రాలేదు. 2023 అక్టోబరులో టీసీఎస్, నియామకాల్లో అక్రమాల మీద విచారణ జరిపి 16 మందిని పంపించేశామని స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసింది. అదీ అంకెల్లోనే. వాటాదారులకు కావాల్సింది కంపెనీ ఇల్లు చక్కబెట్టుకుందా లేదా అన్నదే, ఆ 16 మంది ఎవరన్నది కాదు. సీఈఓ, సీఎఫ్ఓ స్థాయి వాళ్ల సంగతి వేరు. లిస్టెడ్ కంపెనీలో అలాంటివాళ్లు వెళ్లిపోతే కారణం కూడా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం చెప్పాల్సి ఉంటుంది. పెద్ద కుర్చీకి పెద్ద జీతంతోపాటు ఆ వెలుతురూ వస్తుంది.

చిక్కంతా ఉద్యోగే ముందు బజారుకెక్కినప్పుడు. "నన్ను అన్యాయంగా తీసేశారు, జీతం ఎగ్గొట్టారు" అని వాడు రాస్తాడు, వేలమంది షేర్ చేస్తారు. కంపెనీ చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఈ టెన్షన్ నేనూ పడ్డాను. రాత్రి 11 గంటలకు మా డైరెక్టర్ ఫోన్ చేసి "అతని అటెండెన్స్ షీటు, వార్నింగ్ మెయిళ్లు మొత్తం పెట్టేయ్" అన్నాడు. పెట్టలేదు. తనంతట తాను బయటపెట్టిన డేటాకు కొత్త చట్టం వర్తించదన్నది నిజమే. కాని అది వాడు బయటపెట్టినంత మేరకే. జీతం గురించి వాడు మాట్లాడితే మీరు జీతం గురించి జవాబివ్వొచ్చు, "ఫైనల్ సెటిల్‌మెంట్ ఫలానా తేదీన అయింది" అని. అటెండెన్స్ షీటులో వాడి మెడికల్ లీవులు ఉంటాయి, అవి వాడు బయటపెట్టలేదు. పైగా అలా ఫైలంతా గుమ్మరించిన కంపెనీలో మర్నాటి నుంచి ఎవడూ హెచ్‌ఆర్‌కి నోరు విప్పి ఏదీ చెప్పడు.

ఇక బీజీవీ మెయిళ్లు, అంటే కొత్త కంపెనీ తరఫున పాత కంపెనీని వాకబు చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిళ్లు. ఈ ఊళ్లో మనుషుల గురించి గుట్టుగా తిరిగే మాటల్లో ఎక్కువ భాగం వీటిలోనే ఉంటుంది. వెరిఫికేషన్ ఏజెన్సీ పంపే ఫారంలో పేరు, హోదా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ దాకా పేచీ లేదు. తర్వాత "వెళ్లడానికి కారణం", "మళ్లీ తీసుకుంటారా" అని రెండు గడులుంటాయి. ఆ రెండో గడిలో "నో" అని ఒక్క మాట పడితే చాలు, ఇంకేం రాయక్కర్లేదు. మా దగ్గర అందరికీ ఒకటే పద్ధతి పెట్టాం. తేదీలు, హోదా చెబుతాం, మిగతా గడులు ఖాళీగా వదిలేస్తాం. మోసం విచారణలో తేలి, ఆ మనిషికీ రాతలో ఇచ్చి ఉంటే తప్ప. ఇది అందరికీ చేస్తేనే పనిచేస్తుంది. తొంభై మంది గురించి "చాలా మంచివాడు" అని రాసి ఒక్కడి దగ్గర ఖాళీ వదిలితే, ఆ ఖాళీయే చదువుకుంటారు.

మా పిన్ని కొడుకు లాయరు నోటీసు పంపలేదు. నేను చెప్పినట్టు మర్యాదగానే ఒక మెయిల్ రాశాడు. 2 రోజుల తర్వాత ఫౌండర్ పోస్టులో "బ్యాకెండ్" పోయి "టెక్" వచ్చింది, "4 నెలల కిందట" ఎగిరిపోయింది. 6 పాఠాలు అలాగే ఉన్నాయి.

ఆ వారంలోనే మా ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు నరసరావుపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఇలాంటి ఫోన్లు నెలకు ఒకటైనా వస్తాయి, పెళ్లి సంబంధాల సీజనులో ఇంకా ఎక్కువ.

"అమ్మా, మీ దగ్గర ఫలానా అబ్బాయి చేస్తున్నాడా? మా అమ్మాయికి చూస్తున్నాం."

"ఉద్యోగుల వివరాలు ఫోన్లో చెప్పమండీ. ఆ అబ్బాయినే అడగండి, ఐడీ కార్డు చూపిస్తాడు."

"ఉన్నాడో లేడో ఒక్క ముక్క చెప్పు తల్లీ, చాలు."

"ఎవరి గురించి అడిగినా ఇదే చెబుతానండీ."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి ఎవరితోనో అంటున్నారు, "లేడంట."

నిజానికి ఆ అబ్బాయి నాకు నాలుగు బల్లల అవతల కూర్చుని టిఫిన్ బాక్సు విప్పుతున్నాడు.